ముప్పై అంగుళాల మనిషి

పోయిన నెల హైదరాబాదులో వాన పట్టుకుంటే కోఠీలో ఒక వాయిద్యాల దుకాణం ముందు రేకు కింద నిలబడ్డాను. లోపల దుకాణం మనిషి ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళకు బేస్ గిటార్లు చూపిస్తున్నాడు. నాలుగే తీగలుండి, పాట అడుగున దుమ్ దుమ్ అని మోగుతాయే, అవి. ఇది ముప్పై అంగుళాలది, చేతికి హాయి. అది ముప్పై నాలుగు, మోత ఎక్కువ. ఇది ఇండోనేషియా సరుకు, అది చైనా. ఆ పైన వేలాడేది జపానుది, దాని ధర మీరు అడక్కపోతేనే మర్యాద అని వరసగా చెబుతున్నాడు. కుర్రాళ్ళలో ఒకడు రంగు బాగుందని ఎర్రదాన్ని ఎత్తుకున్నాడు.

"వెనక్కి తిప్పి చూడు బాబూ, యాడ పుట్టిందో" అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. నేను గిటారు వాయించే మనిషిలా ఉండను. గొడుగు మరిచిపోయిన ముసలాయనలా ఉంటాను, ఆ రోజు ఉన్నదీ అదే. పైగా 'యాడ' అనేది మా గుంటూరు మాట కూడా కాదు. ఆ మాట మొత్తం ఇంకొకాయనది. వాన వెలిసేదాకా ఆయన్నే తలుచుకుంటూ నాలో నేను నవ్వుకుంటుంటే, కుర్రాళ్ళు కాస్త దూరం జరిగి నిలబడ్డారు.

రియాద్‌లో మేమిద్దరం ఒకే మెయింటెనెన్స్ కంపెనీలో ఉండేవాళ్ళం. నేను స్టోర్ కీపర్ని, ఆయన ఏసీ మెకానిక్. కడప జిల్లా, ప్రొద్దుటూరు పక్క పల్లె. అందరం భాయ్ అనేవాళ్ళం. ఆయన నన్ను సామీ అనేవాడు. మనిషి బాగా పొట్టి. వేళ్ళు వేరుశనక్కాయల్లా ఉండేవి, పొట్టిగా, నడుమ చిన్న నొక్కుతో. నిచ్చెన లేకుండా ఆయన బాగుచేయగలిగిన ఏసీ ఆ దేశంలో నేలమీద పెట్టినదొక్కటే.

చేతికి ఏ వస్తువొచ్చినా వెనక్కి తిప్పి ఎక్కడ తయారైందో చూడటం ఆయన అలవాటు. టీ కప్పు, అలారం గడియారం, పక్కవాడి చెప్పు, ఏదైనా సరే. ఒకసారి మెస్సులో కొత్త పళ్ళెం ఇచ్చారని తిప్పి చూశాడు. అందులో అప్పటికే పులుసు పోసి ఉంది. ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే గుర్తింపు కార్డు కోసం వైద్య పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరు గుండె చూద్దామని వంగితే, ఆ మెడలో గొట్టాన్ని పట్టుకుని తిప్పి, 'పాకిస్తాన్' అని పైకి చదివాడు. డాక్టరు కూడా పాకిస్తానీయే కావడంతో అది తన గురించి అనుకుని, అవునని తలూపాడు.

చూసి ఊరుకోడు, తీర్పు చెబుతాడు. "జపాను స్క్రూ చెప్పిన కాడ ఆగుతాది సామీ. జర్మనీది మనకే చెప్తాది, ఈడ ఆపు అని. కొరియాది ఆగదు, ఆగినట్టు ఉంటాది." ఈ కొలతలు మనుషులకూ వేసేవాడు. కొత్తగా వచ్చిన వంటవాణ్ణి ఒక్క పూట చూసి కొరియా అని తేల్చాడు. నా సంగతేమిటని అడిగితే నన్ను కిందా మీదా చూసి, నువ్వు అసెంబుల్డ్ అన్నాడు. విడిభాగాలు ఎక్కడెక్కడివో తెచ్చి ఇక్కడ బిగించారట.

ఇంతకీ ఆయన సౌదీకి ఎందుకొచ్చాడంటే, అందరూ చెప్పే కారణాలేవీ చెప్పేవాడు కాదు. గిటారు కోసం అనేవాడు. వాళ్ళ నాన్నా, చిన్నాన్నలూ, అన్నలూ అందరూ సన్నాయి వాయించేవాళ్ళు. గుళ్ళో, పెళ్ళిళ్ళలో వాళ్ళ మేళం లేకుండా చుట్టుపక్కల ముహూర్తం జరిగేది కాదు. ఈయనొక్కడికే సన్నాయి పట్టలేదు. ఇంటిల్లిపాదీ పైన ఊదుతా ఉంటే కింద ఎవరో ఒకరు పట్టుకోవల్ల కదా అని ఆయన వాదన. అందుకని టౌనులో ఒక ఆర్కెస్ట్రాలో చేరి బేస్ గిటారు నేర్చాడు. ఆర్కెస్ట్రా వాళ్ళ గిటారు ముప్పై నాలుగు అంగుళాలది. ఆ అంగుళాలు మొత్తం గిటారువి కావు, తీగ ఒక చివర కట్టు నుంచి ఇంకో చివర కట్టు దాకా ఉండే పొడుగు. అంత పొడుగు తీగ మీద చివరన వేలితో నొక్కాల్సిన మొదటి మెట్టు అందాలంటే ఈయన ఎడమ వైపుకు ఒరగాలి. ఒక తిరునాళ్ళలో, పాట మంచి ఊపు మీదుండగా, ఆ మెట్టు కోసం ఒరిగి, ఇంకా ఒరిగి, స్టేజీ మీదే తబలా ఆయన ఒళ్ళో పడ్డాడు. జనం అది కూడా ప్రోగ్రాములో భాగమనుకుని ఈలలేశారు. ఆర్కెస్ట్రా ఓనరు మాత్రం, నీ చెయ్యి పెరిగినాక రా అని పంపించేశాడు.

చెయ్యి ఇక పెరగదు. పెళ్ళై, ఇద్దరు పిల్లలు పుట్టినవాడికి ఎక్కడ పెరుగుతుంది? కానీ ముప్పై అంగుళాల బేస్ గిటార్లు కూడా లోకంలో ఉంటాయని మద్రాసు నుంచి వచ్చిన ఒకాయన చెప్పాడట. అవి ఫారిన్‌లోనే దొరుకుతాయన్నాడట. ఈయనకు తెలిసిన ఫారిన్ సౌదీ ఒక్కటే. పాటలూ వాయిద్యాలూ బయట వినపడకూడని దేశానికి గిటారు కోసం వచ్చిన మనిషి, నేనెరిగినంతలో, ఆయనొక్కడే.

వచ్చిన చాలాకాలం దాకా ఒక్కటీ కనపడలేదు. బతా బజారుకు అవతల సందులో ఊద్ అనే అరబ్బు తీగ వాయిద్యాలు అమ్మే ఒక యెమనీ దుకాణంలో కొరియా బేస్ ఒకటి దుమ్ము పట్టి ఉండేది. అది ముప్పై నాలుగే. మెడ కూడా కాస్త వంగింది. అయినా భాయ్ ప్రతి శుక్రవారం వెళ్ళి, టేపు పెట్టి కొలిచి వచ్చేవాడు. యెమనీ కొనేవాడనుకుని వారం వారం ధర తగ్గించేవాడు. "ధర తగ్గిస్తానంటాడు గానీ, పొడుగు తగ్గిస్తాననడే" అని బాధపడేవాడు మా భాయ్.

అప్పుడు ఇరాక్ వాళ్ళు కువైట్ మీద పడ్డారు.

మా కంపెనీకి తెల్లవాళ్ళ విల్లాల కాంపౌండు ఒకటి కాంట్రాక్టు ఉండేది. యుద్ధం ఇక్కడికీ వస్తుందన్న భయంతో అక్కడివాళ్ళు ఒక్కొక్కరే పెళ్ళాం పిల్లల్ని ఇళ్ళకు పంపించి, సామాన్లు అమ్మడం మొదలుపెట్టారు. క్లబ్బు గోడ నిండా అమ్మకం కాగితాలే. కార్లు, సోఫాలు, కుక్కలు, చంటిపిల్లల బళ్ళు. ఏసీలు చూడటానికి విల్లా విల్లాకీ తిరిగే భాయ్‌కి ఆ గందరగోళంలో ఒకటి కాదు, మూడు పొట్టి బేస్ గిటార్లు కనపడ్డాయి. ఆ సాయంత్రం స్టోరుకు వచ్చి, కుర్చీలో కూర్చోకుండా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. ఏమైంది భాయ్, ఇంటి నుంచి ఏమైనా కబురా అన్నాను. మూడుండాయి సామీ అన్నాడు. ఆ మూడేమిటో చెప్పడానికి కాస్త సేపు పట్టింది.

మొదటిది ఒక అమెరికన్‌ది. అమెరికాలోనే చేసింది, ఎర్ర రంగు, తీగలూ మీటలూ అన్నీ దిట్టం. ధర మాత్రం భాయ్ నాలుగు నెలల జీతం. దాని లోపమల్లా, మెడలో తగిలించుకుని చెయ్యి వదిలితే తల భాగం బరువుకు కిందికి వాలిపోతుంది, గడ్డి మేసే బర్రె మాదిరి అన్నాడు. రెండోది ఒక ఇంగ్లీషాయనది. జర్మనీది, వయొలిన్ ఆకారం, లోపల డొల్ల, ఎండిన సొరకాయ బుర్రంత తేలిక. దాని మోత గుండ్రంగా ఉంటుందట, అమెరికాదాని కంటే చవకట, కానీ తలుపు తగిలితే పగులుతుందట. మూడోది కాంపౌండులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే ఫిలిప్పీన్ కుర్రాడిది. జపాన్ సరుకు, మామూలు నల్ల రంగు, ఒళ్ళంతా గీతలు. కానీ స్క్రూలు చెప్పిన చోట ఆగేవి. చిక్కేమిటంటే, దాన్ని వాడు అమ్ముతానని ఎక్కడా రాయలేదు.

ఇక్కడ మా భాయ్ ఎలాంటివాడో తెలిసింది. కావలసింది ఒక్కటి కనపడితే ఎగిరి కొనేవాడేమో. మూడు కనపడేసరికి పోల్చడంలో పడ్డాడు. రోజూ ఏదో ఒక విల్లాలో ఏసీ ఫిల్టరు చూడాలని వెళ్ళి, జేబులో టేపు తీసి గిటారు కొలిచేవాడు. తీగ పొడుగు, మెడ వెడల్పు, మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం. రాళ్ళ తక్కెడ ఉంటే అదీ పట్టుకెళ్ళేవాడే. అమెరికన్ మర్యాదస్థుడు, ఏసీ ఇంత శ్రద్ధగా చూసే కంపెనీని తానెక్కడా చూడలేదని మా ఆఫీసుకు మెచ్చుకుంటూ ఫోన్ చేశాడు.

గురువారం సాయంత్రాలు, మేం ఆరుగురం ఉండే క్యాంపు గదిలో దీనిమీద చర్చ. చర్చంటే ఆయన చెప్పడం, మిగతా ఐదుగురూ వినడం. అమెరికాదానికి గట్టితనం, జర్మనీదానికి తేలిక, జపానుదానికి నమ్మకం. ధరకు జపాను, మోతకు జర్మనీ, ఊళ్ళో నలుగురిలో చూపించుకోడానికి అమెరికా. ముప్పై అంగుళాలైతే తీగ కాస్త వదులుగా ఉంటుంది, వేలికి నొప్పి లేదు, మోత కొంచెం మెత్తన. ఆ మెత్తదనం నష్టమా లాభమా అనే దగ్గర ఒక వారమంతా ఆగిపోయాం. జగిత్యాల నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన మా గదిలోనే ఉండేవాడు, గోడలు కట్టే మనిషి. ఒకనాడు ఓపిక పట్టలేక లేచి కూర్చున్నాడు.

"గీ అంగుళాల లొల్లి ఎందుకు భాయ్? మూడిటుకల పొడుగు, నడుమల సిమెంటు మాలు అను. అందరికీ సమజైతది."

భాయ్ మనసులో లెక్క వేసి, మాలు కాస్త మందంగా వేస్తే సరిగ్గా సరిపోతుందన్నాడు. ఆ తర్వాత మా గదిలో పొట్టి గిటారుని మూడిటుకలది అనే అనేవాళ్ళం.

ఇలా కొలుస్తూ ఉండగానే అమెరికన్ ఒక పొద్దున తాళం వేసి వెళ్ళిపోయాడు, గిటారుతో సహా. భాయ్ పెద్దగా బాధపడలేదు. ఒకటి తగ్గింది, తేల్చుకోవడం సులువవుతుంది అన్నాడు. చలికాలంలో యుద్ధం మొదలైంది. రియాద్ మీదికి స్కడ్ క్షిపణులు రావడమూ మొదలైంది. కిటికీలకు ప్లాస్టిక్ కాగితం అంటించుకున్నాం. తెల్లవాళ్ళకు విషవాయువు మాస్కులిచ్చారు. మా క్యాంపుకు మాస్కులు రాలేదు, తడి తువ్వాలు ముక్కుకు కట్టుకోమని నోటీసొచ్చింది.

ఒక రోజు చీకటి పడే వేళ ఆ ఇంగ్లీషాయన విల్లాలో హీటరు పనిచేయడం లేదని ఫోనొస్తే భాయ్ వెళ్ళాడు, సామాను పట్టుకుని నేనూ వెళ్ళాను. హీటరు సంగతి సరే, గిటారు భాయ్ ఒళ్ళోకి వచ్చింది. అంతలో సైరన్. ఇంగ్లీషాయన మాస్కు తగిలించుకుని, మమ్మల్ని కూడా మెట్ల కింద గదిలోకి లాగి, చెరో తడి తువ్వాలు ఇచ్చాడు. ముగ్గురం ముడుచుకుని కూర్చున్నాం. ఎక్కడో దూరంగా ఆకాశం పగిలినట్టు చప్పుడైంది, తలుపు అదిరింది. భాయ్ ఒళ్ళో ఆ వయొలిన్ గిటారు అలాగే ఉంది. ముక్కు మీది తువ్వాలు కొంచెం పైకెత్తి, చలికాలంలో దీని మెడ తిరుగుతుందా అని ఇంగ్లీషులో అడిగాడు. ఆయన మాస్కులోంచి ఏదో అన్నాడు. నాకైతే కుండలో కప్ప అరిచినట్టే వినపడింది. భాయ్ శ్రద్ధగా తలూపి నా వైపు తిరిగాడు.

"తిరగదంట సామీ. వాన కాలంలో మాత్రం జాగర్త అంటాడు."

నీకెలా అర్థమైందయ్యా అన్నాను. బేస్ వాయించేవాడికి కింది మాట అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుందన్నాడు.

గండం గడిచాక ఇంగ్లీషాయన మాస్కు తీసి, దీన్ని సగం ధరకే తీసుకుపొమ్మన్నాడు. అంతకంటే ఏం కావాలి? భాయ్ ఆలోచించి, రేపు చెబుతానన్నాడు. ఫిలిప్పీన్ కుర్రాడిది ఇంకొక్కసారి చూసి, రెంటినీ మనసులో పక్కపక్కన పెట్టి చూడాలట. మర్నాడు మేం వెళ్ళేసరికి ఇంగ్లీషాయన కారేసుకుని తాయిఫ్ దారి పట్టాడు. అక్కణ్ణుంచి జెద్దా, అక్కణ్ణుంచి ఇల్లు. విల్లా వాకిట్లో కూర్చుని భాయ్ చాలాసేపు లేవలేదు. స్కడ్ పడిన రోజు కూడా ఆయన ముఖం అలా లేదు.

ఫిలిప్పీన్ కుర్రాడి దగ్గరికి నేనే లాక్కెళ్ళాను. ఈసారి కొలతలు వద్దని టేపు నా జేబులో పెట్టుకున్నాను. ఆ కుర్రాడు తమ దేశానికి పోదామన్నా పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరుండి, పని చేసుకుంటున్నాడు. వాడికి రెండు బేస్‌లున్నాయి. పొడుగుది వాడికి, పొట్టిది ఒక జపాన్ ఇంజనీరు పోతూ పోతూ ఇచ్చినది. అమ్మడానికి కాదు గానీ, ముందు వాయించు, వింటాను అన్నాడు. గదిలోనే చిన్న స్పీకరు పెట్టె ఉంది, మోత బాగా తగ్గించి, దాని తీగ గిటారుకు తగిలించాడు.

భాయ్ మంచం అంచున కూర్చుని గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ ఎడమ వైపుకు ఒరగబోయాడు. ఒరగాల్సిన పని లేకపోయింది. వేలు చాచకుండానే మొదటి మెట్టు మీద పడింది. ఆ ఒక్క స్వరమే మళ్ళీ మళ్ళీ మీటాడు.

"అందింది సామీ" అన్నాడు. ఇంకేమీ వాయించలేదు. ముక్కు ఎగబీల్చి, వెనక్కి తిప్పి, జపాన్ అన్న అక్షరాలు ఒకసారి చూసుకున్నాడు.

ఫిలిప్పీన్ కుర్రాడు మా ఇద్దరినీ చూసి, పాట అక్కర్లేదులే అన్నాడు. భాయ్ టేప్ రికార్డరూ, ఆ నెల జీతంలో సగమూ ఇచ్చి గిటారు తెచ్చుకున్నాం.

తేవడమంటే మాటలు కాదు. దారిలో చెక్‌పోస్టులుండేవి. ఏసీ గాలి పోయే తగరపు గొట్టం ఒకటి తీసుకుని అందులో గిటారు దూర్చి, రెండు పక్కలా గుడ్డలు కుక్కి పికప్ వెనక పడేశాం. యుద్ధం రోజుల్లో పొడుగాటి లోహపు గొట్టంలో వస్తువు దాచి తీసుకెళ్ళడం ఎంత తెలివైన పనో మాకు చెక్‌పోస్టు దగ్గర తెలిసింది. సైనికుడు తుపాకీ ఎత్తి దూరంగా నిలబడి, దాన్ని విప్పమన్నాడు. భాయ్ విప్పాడు. ఇదేమిటన్నాడు. వాయిద్యం అని చెప్పక తప్పలేదు. వాయించమన్నాడు. భాయ్ తీగ మీటాడు. స్పీకరు పెట్టె లేకుండా బేస్ గిటారుకు మోతేముంటుంది, దోమ దగ్గినంత. సైనికుడు దగ్గరికొచ్చి చెవి ఆనించి మళ్ళీ వాయించమన్నాడు. మళ్ళీ అంతే.

"ఖర్బాన్" అన్నాడు సైనికుడు జాలిగా. చెడిపోయిందని. పట్టుకుపొమ్మని చెయ్యి ఊపాడు.

బతుకు జీవుడా అని నేను డోరు వేయబోతే, మా భాయ్ కదలడు. ఇది చెడిపోలేదు, జపాన్‌ది, దీనికి పెట్టె కావాలి, పెట్టె పెడితే ఎంత మోగుతుందో అని వచ్చీరాని అరబ్బీలో మొదలుపెట్టాడు. ఆయన కాలు గట్టిగా తొక్కితే గానీ ఆగలేదు. క్యాంపు చేరేదాకా నాతో మాట్లాడలేదు. అంత మంచి సరుకుని ఒక కుర్రాడు చెడిపోయిందంటే ఊరుకుని వచ్చేశామని ఆయన బాధ.

క్యాంపులో స్పీకరు పెట్టె లేదు. కొన్నాళ్ళకు భాయ్ ఒక ఉపాయం కనిపెట్టాడు. గిటారు తల భాగాన్ని చెక్క బీరువాకు ఆనించి మీటితే బీరువా మొత్తం మోగేది. గదిలో మాకు హాయిగా వినపడేది. కానీ బీరువా వెనక గోడ ఉంది, గోడకవతల క్యాంప్ బాస్ గది ఉంది. ఆయన ఈజిప్టు మనిషి, ముదీర్ అనేవాళ్ళం, అంటే మేనేజరని. భారీ విగ్రహం, ఎప్పుడూ నడుం నొప్పి, ఎప్పుడూ కోపం. వాయిద్యం దొరికితే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తానని అంతకుముందే ఒకణ్ణి బెదిరించాడు.

ఎండలు మొదలయ్యాక ముదీర్ తన ఏసీ సాయంత్రం పూట ఘూ అంటోందని కంప్లయింట్ ఇచ్చాడు. ఆఫీసు వాళ్ళు మెకానిక్‌ని పంపారు. ఆ మెకానిక్ భాయే. గిటారు మంచం కిందికి తోసి, పనిముట్ల పెట్టె పట్టుకుని పక్క గదికి వెళ్ళాడు. ఈయన అక్కడుంటే ఇక్కడ వాయించేవాడు లేడు, కాబట్టి మోత లేదు. భాయ్ ఏసీ విప్పి, గంభీరంగా చూసి, రబ్బరు బిళ్ళలు మార్చి వచ్చాడు. వచ్చాక వాయించుకున్నాడు. మర్నాడు మళ్ళీ కంప్లయింటు, మళ్ళీ ఈయనే. గదిలో అడుగు పెట్టగానే మోత ఆగిపోయేది. ముదీర్‌కి ఈయనంటే ఒక గౌరవం ఏర్పడింది. ఈ మనిషిని చూస్తేనే మిషన్లు భయపడతాయని మెస్సులో అందరికీ చెప్పాడు. అలా కొన్ని వారాలు నడిచింది. చివరికి ఒక సాయంత్రం, ఇంత కష్టపడుతున్న మెకానిక్‌కి తినిపిద్దామని, తమ ఊరి రవ్వ మిఠాయి పళ్ళెంలో పెట్టుకుని, తలుపు తట్టకుండా లోపలికొచ్చాడు.

భాయ్ బీరువాకు గిటారు ఆనించి కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. మేం ఐదుగురం లేచి నిలబడ్డాం. ముదీర్ పళ్ళెం పట్టుకుని గిటారునీ, బీరువానీ, గోడనీ చూశాడు. ఒక్కొక్కటే అర్థమవుతున్నట్టు ఆయన ముఖం ఎర్రబడుతూ వచ్చింది. నాకు భాయ్ ఊరు వెళ్ళే విమానం కళ్ళముందు కనపడింది. భాయ్ చెయ్యి మాత్రం భయానికి ఆగడం మరిచిపోయి, అదే స్వరం దుమ్ దుమ్ అంటూ ఉంది. ముదీర్ తిట్టబోయాడు. నడుం పట్టేసింది. పడిపోతూ ఆసరా కోసం బీరువాకు వీపు ఆనించాడు.

అలాగే ఉండిపోయాడు. గిటారు మోతకు వీపు వెనక బీరువా అదురుతుంటే, కాసేపటికి కళ్ళు మూతలుపడ్డాయి. భాయ్ వాయించడం ఆపాడు. ముదీర్ కళ్ళు తెరవకుండానే ఆపొద్దన్నాడు. ఇంకా కిందికి అని నడుం చూపించాడు. భాయ్ అన్నిటికంటే లావు తీగ మీదికి మారాడు. మా జగిత్యాల మేస్త్రీ చప్పుడు కాకుండా ఆయన చేతిలోంచి పళ్ళెం అందుకుని మిఠాయి అందరికీ పంచాడు.

ఆ రోజు నుంచి సాయంత్రపు అసర్ నమాజు కాగానే ముదీర్ మా గదికి వచ్చి బీరువాకు ఆనుకునేవాడు. మెడకు సన్న తీగ, నడుముకు లావు తీగ. గిటారు గురించి ఎవరూ ఎక్కడా మాట్లాడొద్దని హుకుం కూడా ఆయనదే.

అప్పటికి యుద్ధం అయిపోయింది. వెళ్ళినవాళ్ళు కొందరు తిరిగొచ్చారు. మరుసటి ఏడు ఉగాదికి రియాద్‌లోని తెలుగువాళ్ళు కొందరు ఒక కాంపౌండు విల్లాలో శుక్రవారం మధ్యాహ్నం భోజనాలు పెట్టుకుని, తలుపులు వేసుకుని పాటలు పాడుకుందామనుకున్నారు. విజయవాడ నుంచి వచ్చిన ఒక అకౌంటెంటు మంచి గాయకుడు. ఫిలిప్పీన్ కుర్రాడు స్పీకరు పెట్టె అరువిచ్చాడు. బేస్ మోత గోడలు దాటిపోతుందని నిర్వాహకులు భయపడితే, గేటు దగ్గర నన్ను నిలబెట్టి, వినపడితే తువ్వాలు ఊపమన్నారు. నేను ఊపలేదు.

ఆ రోజు ఎవరూ భాయ్ గురించి ఒక్క మాటా అనలేదు. పాటలు బాగున్నాయన్నారు, పులిహోర బాగుందన్నారు. ఆయన ముఖం చిన్నబోయింది. తర్వాతిసారి పాట మధ్యలో ఎవరి కాలో తగిలి గిటారు నుంచి స్పీకరుకు పోయే తీగ ఊడిపోయింది. పాట అడుగు ఊడినట్టయింది. చప్పట్లు గతి తప్పాయి, గాయకుడు వెనక్కి చూశాడు, హాలంతా భాయ్ వైపు తిరిగింది. ఆయన నిదానంగా తీగ ఎత్తి, అందరికీ చూపించి, మళ్ళీ తగిలించాడు. అప్పటినుంచి ప్రతిసారీ, పాట మంచి చోటికి రాగానే, తీగ దానంతటదే ఊడిపోవడం మొదలైంది. ఊడేముందు ఆయన మడమ కాస్త కదలడం నేను చూశాను. ఎందుకయ్యా అంటే, మనమున్నామని తెలియల్ల కదా అన్నాడు.

మూడు నాలుగు సభలు సహించిన అకౌంటెంటు ఐదోసారి వెనక్కి చూడలేదు. తీగ ఊడింది. ఆయన కళ్ళు మూసుకుని పాడుతూనే ఉన్నాడు. బేస్ లేకుండానే పాట చివరిదాకా సాగింది. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. భాయ్ చేతిలో తీగ పట్టుకుని నిలబడిపోయాడు. గిటారు సంచిలో పెట్టేసి వెళ్ళిపోతాడేమోనని నేను ముందుకు వెళ్ళాను. అకౌంటెంటు మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, మంచినీళ్ళు తాగి, ఆయన వైపు వంగాడు.

"భాయ్ గారూ, ఇప్పుడు నేను రెండు చోట్ల శ్రుతి తప్పాను. వాళ్ళకు తెలియలేదు, నాకు తెలిసింది. కింద మీరుంటే తప్పను. ఆ తీగ కాస్త పెట్టండి."

భాయ్ వంగి తీగ తగిలించాడు. అది ఇంకా వదులుగా ఉందేమోనని మెలి తిప్పి చూసి, జేబులోంచి ఏసీ గొట్టాలకు చుట్టే టేపు తీసి దానిమీద గట్టిగా చుట్టాడు. తర్వాతి పాటలన్నీ తల వంచుకుని వాయించాడు.

సాయంత్రం క్యాంపుకు వ్యాన్‌లో వస్తున్నాం. నడిపేది పెషావర్ పఠాన్ డ్రైవరు. భాయ్ గిటారు సంచి ఒళ్ళో పెట్టుకుని, ఈ రోజు ఎట్లుండాది సామీ, నాది వినపడిందా అన్నాడు.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. పాట ఎంత బాగుందంటే నువ్వున్న సంగతే మరిచిపోయాను భాయ్, ఏమీ వినపడలేదు అన్నాను.

ఆయన కాసేపు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టున్నాడు. తర్వాత ముందు సీటు మీదికి వంగి, డ్రైవరు భుజం తట్టి, ఉర్దూలో ఎంతో గర్వంగా చెప్పాడు, ఖాన్ సాబ్, ఈ రోజు నేను వాయించింది ఒక్కరికి కూడా వినపడలేదట అని. పఠాన్ మంచివాడు. అద్దంలోంచి ఆయన్ని జాలిగా చూసి, దిగులుపడకు భాయ్, దేవుడున్నాడు, వచ్చే శుక్రవారం ఎంతో కొంత వినపడకపోదు అని ఓదార్చాడు.

భాయ్ నవ్వడం మొదలుపెట్టాడు. పొట్టి మనిషి, నవ్వు మాత్రం పొట్టిది కాదు, కడుపు అడుగు నుంచి వచ్చేది. క్యాంపు గేటు దాకా మా సీటు అదురుతూనే ఉంది.